ఆ ఓటమి సెప్టెంబరుది కాదు

2024 సెప్టెంబరు 19, గురువారం. అనంతపురంలో ఆ రోజు ఎవర్ని కదిలించినా ఒకటే మాట: "ఆర్‌డీటీ గ్రౌండ్‌కి పోతాండావా?" క్రికెట్‌లో దులీప్ ట్రోఫీ మూడో రౌండు మ్యాచులు రెండూ మన ఊళ్లోనే మొదలయ్యాయి మరి. సంజూ శాంసన్, శ్రేయస్ అయ్యర్ లాంటోళ్లు మన గడ్డ మీద ఆడుతుంటే ఊళ్లో ఇంకెవరుంటారు? మాలాంటి కొందరు తిక్కోళ్లు మాత్రం అదే రోజు బెంగళూరు బస్సెక్కాం. రాత్రి ఏడున్నరకు కంఠీరవ స్టేడియంలో, దేశంలోని పెద్ద ఫుట్‌బాల్ లీగు ఐఎస్‌ఎల్‌లో, మన హైదరాబాద్ ఎఫ్‌సీకి ఆ సీజన్ మొదటి మ్యాచ్. ఎదురుగా బెంగళూరు ఎఫ్‌సీ. చుట్టూ నీలం చొక్కాలు, డప్పులు, అరుపులు. మధ్యలో పసుపు చొక్కాలు వేసుకున్న మేము.

3-0తో ఓడిపోయాం.

బాగేపల్లి టోల్‌గేటు దాటేలోపే ముద్దాయిల జాబితా తయారైంది. మొదటి ముద్దాయి కోచ్ తాంగ్‌బోయ్ సింగ్టో: మరీ వెనక్కి కూర్చోబెట్టాడట. రెండో ముద్దాయి రెఫరీ: పెనాల్టీ ఇచ్చాడు కాబట్టి. మూడో ముద్దాయి డిఫెన్స్ మొత్తం, పేరు పేరునా. ఐదో నిమిషంలోనే రాహుల్ భేకేకి గోలు ఇచ్చారు కదా, దాన్ని ఎవరు సమర్థిస్తారు? ఇక చివరి నిమిషాల్లో రెండు గోల్స్ కొట్టిన సునీల్ ఛెత్రి మీద కోపం రాదు, అదో విచిత్రం. నలభై ఏళ్ల మనిషి, పైగా పుట్టింది సికింద్రాబాదులో. ఆ రెండు గోల్స్‌తో ఐఎస్‌ఎల్‌లో 63కి చేరి, అందరికన్నా ఎక్కువ గోల్స్ కొట్టిన ఒగ్బెచే రికార్డును అందుకున్నాడు. ఆ ఒగ్బెచే ఒకప్పుడు మన జట్టులో ఆడి కప్పు తెచ్చిపెట్టినవాడు. మన ఊరివాడు మన మీద గోల్స్ కొట్టి, మనవాడి రికార్డునే పట్టుకున్నాడు. దీని మీద ఒకాయన హిందూపురం మలుపు దాకా మాట్లాడాడు.

ఏడాది దాటింది. ఆ మ్యాచ్ మీద మా వాట్సాప్ గ్రూపులో కొట్లాట ఇప్పటికీ చల్లారలేదు. మొన్న మళ్లీ ఎవరో పాత క్లిప్పు పెట్టారు, మళ్లీ అదే డిఫెన్స్, అదే కోచ్, అదే రెఫరీ. ఈ వాదనలన్నీ విన్నాక నాకు అనిపించేది ఒకటే: సీజన్ మొదట్లో జట్టు ఓడిపోతే అభిమానులు చేసే విశ్లేషణలో తొంభై శాతం చూడాల్సిన చోట చూడదు. తొంభై నిమిషాల ఆటను ముక్కలు ముక్కలు చేసి వెతుకుతాం. అసలు సంగతి దానికి ముందు మూడు నెలల్లో ఎక్కడో పడి ఉంటుంది.

నమ్మకపోతే హైదరాబాద్ క్లబ్బు చరిత్రే తీసి చూడండి. పొట్టి చరిత్రే, ఆరు సీజన్లు. అందులో నాలుగు మొదటి మ్యాచులు ఓటములే.

2019 అక్టోబరు 25. పుణె సిటీ క్లబ్బు మూతపడి, దాని స్థానంలో మన క్లబ్బు పుట్టింది. మొట్టమొదటి ఐఎస్‌ఎల్ మ్యాచ్ కోల్‌కతాలో, ఏటీకే మీద. 5-0. ఆ సీజన్ 18 మ్యాచులకు 10 పాయింట్లతో అట్టడుగున ముగిసింది. కోచ్ ఫిల్ బ్రౌన్‌ను జనవరిలోనే ఇంటికి పంపేశారు.

2021 నవంబరు 23. గోవాలో, కోవిడ్ బబుల్ రోజులు, ఖాళీ స్టేడియం. చెన్నయిన్ చేతిలో 1-0. గోల్ కొట్టింది వ్లాదిమిర్ కోమన్, పెనాల్టీ మీద. ఆ రోజు కూడా గ్రూపులో "ఈసారీ ఇంతేనప్పా" అని రాసినోళ్లున్నారు. నాలుగు నెలలకు, 2022 మార్చి 20న, ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్ మీద ఫైనల్ షూటౌట్‌లో మన గోలీ లక్ష్మీకాంత్ కట్టిమని మూడు పెనాల్టీలు ఆపితే కప్పు మనది. ఆ సీజన్‌లో ఒగ్బెచే 18 గోల్స్.

2023 సెప్టెంబరు 30. మళ్లీ కోల్‌కతా, ఈసారి ఈస్ట్ బెంగాల్. హితేశ్ శర్మ ఎనిమిదో నిమిషంలోనే గోల్ కొట్టి ఆధిక్యం ఇచ్చాడు. క్లెయిటన్ సిల్వా ఒకటి కొట్టి సమం చేశాడు, ఇంజురీ టైమ్‌లో ఇంకొకటి కొట్టి గెలిపించాడు. 2-1. పెద్ద జట్టు మీద, వాళ్ల ఊళ్లో, చివరి క్షణం దాకా నిలబడి ఓడిపోయాం. "పర్వాలేదు, బాగా ఆడారు" అనుకున్నాం. ఆ సీజన్ ఏమైందో తెలుసు కదా. 22 మ్యాచులు, ఒక్క గెలుపు, 8 పాయింట్లు. ఆ ఒక్క గెలుపూ మార్చిలో వచ్చింది.

ఇప్పుడు ఈ స్కోర్లు పక్కపక్కన పెట్టండి. అన్నిటికన్నా పరువుగా ఓడింది 2023లో. అన్నిటికన్నా ఘోరమైన సీజన్ అదే. పెద్దగా చెప్పుకోవడానికి ఏమీ లేని 1-0 ఓటమి నుంచి కప్పు వచ్చింది. 5-0 నుంచి అట్టడుగు వచ్చింది. స్కోరు చూసి భవిష్యత్తు చెప్పేవాడికి ఇందులో ఏ వరసా దొరకదు.

ఇక్కడ మన గ్రూపులో ఒక వైద్యం ఉంది. ఓడిపోగానే ఎవడో ఒకడు "అర్జెంటీనా కూడా సౌదీ చేతిలో ఓడిపోయి 2022 ప్రపంచ కప్పు కొట్టింది కదా" అంటాడు. ఇంకొంచెం చదువుకున్నోడైతే 2010లో స్పెయిన్ స్విట్జర్లాండ్ చేతిలో ఓడిపోయి కప్పు ఎత్తిన సంగతి తీస్తాడు. మాంచెస్టర్ యునైటెడ్ పిచ్చోడు 1992 ఆగస్టులో షెఫీల్డ్ యునైటెడ్ చేతిలో 2-1తో, తర్వాత ఎవర్టన్ చేతిలో సొంత గ్రౌండ్‌లో 3-0తో ఓడిపోయి కూడా ఆ సీజన్ లీగు గెలిచారని గుర్తుచేస్తాడు. అన్నీ నిజాలే. కానీ ఈ నిజాలు ఎందుకు గుర్తున్నాయి? వాళ్లు చివరికి గెలిచారు కాబట్టి. మొదటి మ్యాచ్ ఓడిపోయి, రెండోదీ ఓడిపోయి, మే నెల దాకా ఓడిపోతూనే ఉన్న జట్ల పేర్లు ఎవడు గుర్తు పెట్టుకుంటాడు? అవి లెక్కకు రావు. గెలిచినోళ్ల కథలతో ఓడినోళ్లకు ధైర్యం చెప్పడం మంచితనమే, విశ్లేషణ మాత్రం కాదు.

మరి ఏం చూడాలి?

2021లో ఓడిన జట్టు వెనక ఏముందో చూడండి. కోచ్ మనోలో మార్కెజ్‌కు అది క్లబ్బులో రెండో సీజన్. ముందు ఏడాది ఐదో స్థానం, ప్లేఆఫ్ కొద్దిలో తప్పిపోయింది. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ లాంటి కుర్రాళ్లు అప్పటికే ఆయన చేతి కింద ఒక ఏడాది ఆడి రాటుదేలారు. ముంబై నుంచి ఒగ్బెచే వచ్చాడు. కోచ్ మాట ఏమిటో ఆటగాళ్లకు తెలుసు, ఆటగాళ్ల బలమేమిటో కోచ్‌కు తెలుసు. అలాంటి జట్టు ఒక పెనాల్టీ మీద ఓడిపోతే అది ఒక మ్యాచే. దానికి రాత్రి నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు.

2023 నాటికి మార్కెజ్ గోవాకు వెళ్లిపోయాడు. జీతాలు సరిగా అందడం లేదన్న వార్తలు పేపర్లలో వస్తూనే ఉన్నాయి. ఫిఫా నుంచి కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా నిషేధం పడింది. సీజన్ నడుస్తుండగానే విదేశీ ఆటగాళ్లు ఒక్కొక్కరుగా వెళ్లిపోయారు, పేరున్న మనవాళ్లూ వెళ్లిపోయారు. ఈస్ట్ బెంగాల్ మీద బాగా ఆడిన మాట నిజమే. ఆ ఆట అయ్యాక ఇంట్లో కూర్చుని "మిడ్‌ఫీల్డ్ బాగుంది, ఫ్రీకిక్ దగ్గర గోడ సరిగా లేదు" అని మాట్లాడుకున్నాం. కూలబోయే ఇంట్లో గోడకు ఏ రంగు వేయాలని వాదించుకున్నట్టయింది.

2024లో సీజన్ దగ్గరపడే దాకా అసలు క్లబ్బు ఆడుతుందో లేదో తెలియదు. కొత్త యజమానిగా బి.సి. జిందాల్ గ్రూపు వచ్చాకే ఊపిరి ఆడింది. లీగ్ సెప్టెంబరు 13న మొదలైంది, మన మొదటి మ్యాచ్ 19న. మిగతా జట్లు వేసవంతా శిబిరాలు పెట్టి కాళ్లు అరిగేలా పరుగెత్తుతుంటే, మనవాళ్లు అప్పుడప్పుడే సంతకాలు పెడుతున్నారు. అలాంటి జట్టు ఐదో నిమిషంలో గోలు ఇచ్చిందంటే సింగ్టోను తిట్టి ఏం లాభం? ఆ మనిషి ముందు సీజన్‌లో జీతాల్లేని కుర్రాళ్లను పట్టుకుని జట్టు చెదరకుండా చూశాడు. నన్నడిగితే ఆయనకు శాలువా కప్పాలి.

సీజన్ ముందు సాధన లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి బెంగళూరు పోనక్కర్లేదు, మన ఆర్‌డీటీ స్పోర్ట్స్ విలేజ్‌లో ఆదివారం పొద్దున నిలబడి చూస్తే చాలు. ఒకసారి అక్కడ వేర్వేరు మండలాల నుంచి వచ్చిన ఇద్దరు పిల్లలను సెంటర్ బ్యాకులుగా, అంటే డిఫెన్స్ మధ్యలో, పక్కపక్కన నిలబెట్టారు. ఇద్దరూ మంచి ఆటగాళ్లే. ఒకడు పొడుగు, తలతో కొడితే బంతి సగం గ్రౌండు దాటుతుంది. రెండోవాడి కాలు చురుకు. మధ్యగీత దగ్గర్నుంచి ఒక బంతి గాల్లో లేచి సరిగ్గా ఇద్దరి మధ్యలోకి వచ్చింది. పొడుగోడు ఒక అడుగు ముందుకేసి ఆగాడు. చురుకోడు వాడి మొహం చూశాడు. ఇద్దరూ అలా ఒకరినొకరు చూసుకుంటున్నంతలో బంతి నేలకు తగిలి లేచింది, వెనక నుంచి ఒక బక్కపిల్లోడు వచ్చి బూటు ముందు భాగంతో అలా తోశాడు. గోల్. కోచ్ విజిల్ ఊదాడు. తిట్టలేదు. "బంతి ఎవరిదిరా?" అన్నాడు. ఇద్దరూ తల వంచుకున్నారు. మళ్లీ అదే బంతి, మళ్లీ అదే చోటికి, మళ్లీ మళ్లీ. ప్రతిసారీ ఎవడో ఒకడు "నాది" అని అరవాలి. అరవకపోతే గ్రౌండు చుట్టూ ఒక రౌండు.

నెల తిరిగాక అదే జంటను చూశాను. అరుపుల్లేవు. పొడుగోడు పైకి లేస్తే రెండోవాడు చూడకుండానే రెండడుగులు వెనక్కి జరిగి, జారిపోయే బంతి కోసం కాచుకుంటున్నాడు. ఆఫ్‌సైడ్ గీత ఇద్దరిదీ ఒకటే. ఒకడు ముందుకెళ్తే రెండోవాడూ వెళ్తాడు. ఇది తెలివితో వచ్చేది కాదు, చెబితే వచ్చేదీ కాదు. అదే పని కలిసి చేస్తూ పోతే ఒళ్లు నేర్చుకుంటుంది. నలుగురు డిఫెండర్లకు, ఒక గోలీకి ఈ నెల రోజులు ఇవ్వకుండా ఐఎస్‌ఎల్ మైదానంలోకి తోస్తే ఐదో నిమిషంలో భేకేలు వస్తారు.

మా గ్రూపులో ఒక పీఈటీ సారు ఉన్నారు, రిటైరయ్యారు. ఆయన ఈ వాదన ఒప్పుకోరు. "విజిల్ ఊదినాక పదకొండు మంది, ఎదురుగా పదకొండు మంది. ఆఫీసులో ఏం జరిగిందో బంతికి తెలుస్తుందేమప్పా?" అంటారు. సారు మాట తీసెయ్యలేను. ఆటగాళ్లు ఆటగాళ్లే, వాళ్ల తప్పులు వాళ్లవే. జీతం రాలేదని మార్కింగ్ వదిలేస్తే ఎవరూ క్షమించరు. కానీ ఆ మ్యాచ్‌నే సారు మాట పట్టుకుని చూద్దాం. ఐదో నిమిషంలో ఒకటి. రెండోది మ్యాచ్ చివర్లో, పెనాల్టీ. మూడోది ఇంజురీ టైమ్‌లో. అంటే మధ్యలో దాదాపు ఎనభై నిమిషాలు స్కోరు 1-0 దగ్గరే నిలబడింది. ఒక గోలు వెనకబడిన జట్టు చివర్లో ముందుకు ఎగబడక తప్పదు, ఎగబడితే వెనక ఖాళీలు తప్పవు. పేపర్లో 3-0 అని చూసినవాడికి చితక్కొట్టినట్టు కనిపిస్తుంది. ఆ కుర్రాళ్లు ఆ ఎనభై నిమిషాలు పడ్డ పాట్లు స్కోరులో ఉండవు. పదకొండు మందినే చూడమంటే, సారూ, పదకొండు మందినీ మెచ్చుకోవాల్సి వస్తుంది.

సారుకు ఇంకో అలవాటు. ఓడినప్పుడల్లా రహీం సాబును తెస్తారు. సయ్యద్ అబ్దుల్ రహీం, హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు, 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో బంగారు పతకం. "ఆ గడ్డ మీద ఆడేవాళ్లు ఇట్లా ఓడిపోతారా?" అని సారు బాధ. ఈ పోలిక వింటే నాకు ఒళ్లు మండుతుంది. డెబ్బై ఏళ్ల నాటి గొప్పతనం ఇప్పటి డిఫెండరు కాళ్లకు ఎలా వస్తుంది? అయితే సారు చెప్పే కథలోనే నా వాదనకు పనికొచ్చే ముక్క ఒకటి ఉంది, దాన్ని మాత్రం ఆయన ఎప్పుడూ ఎత్తరు. ఆ జట్టు పోలీసు జట్టు. ఆటగాళ్లకు సర్కారు ఉద్యోగం, నెల తిరిగితే జీతం. ఏళ్ల తరబడి ఒకే గురువు, అదే మైదానం, పక్కన అదే మనిషి. వచ్చే నెల క్లబ్బు ఉంటుందా అన్న దిగులు లేదు. రహీం సాబు మేధస్సు గొప్పదే, ఆ మేధస్సు పనిచేయడానికి కింద ఒక నేల ఉంది.

2024 సీజన్‌లో మిగతాది త్వరగా చెప్పేస్తాను, పెద్దగా రుచి లేదు. పంజాబ్ చేతిలోనూ ఓడిపోయాం. అక్టోబరులో కోల్‌కతాలో మొహమ్మదాన్ మీద 4-0తో గెలిచాం. ఆ రాత్రి గ్రూపులో పండగ. అదే నోళ్లు సింగ్టోను మేధావి అన్నాయి. డిసెంబరులో సింగ్టో వెళ్లిపోయాడు. చివరికి 13 జట్లలో 12వ స్థానం, 18 పాయింట్లు. చూశారా, 4-0 గెలుపు కూడా 3-0 ఓటమి అంత అబద్ధమే ఆడింది.

కొందరు అడుగుతారు: అనంతపురం వాళ్లకు హైదరాబాద్ టీమ్ ఎందుకు, బెంగళూరు దగ్గర కదా అని. దగ్గరే. 215 కిలోమీటర్లు ఎక్కడ, 360 ఎక్కడ. ఆస్పత్రికి బెంగళూరు, ఉద్యోగానికి బెంగళూరు, పెళ్లి బట్టలకు కూడా బెంగళూరే పోతాం. సగం ఇళ్లలో ఒకరైనా వైట్‌ఫీల్డ్‌లోనో మారతహళ్లిలోనో ఉంటారు. అయినా ఐఎస్‌ఎల్‌లో తెలుగువాళ్లకంటూ ఉండింది అదొక్క క్లబ్బే, రాష్ట్రం వేరైనా భాష అదే. ఆ పసుపు చొక్కాకు ఇంతకన్నా పెద్ద కారణం నాదగ్గర లేదు. మా బావమరిది బెంగళూరు అభిమానులుండే వెస్ట్ బ్లాక్ గ్యాలరీలో నిలబడి గొంతు పోయేలా అరుస్తాడు. పండక్కి వస్తే మా ఇద్దరి మధ్యా ఉగ్గాని బజ్జీ ప్లేటు చల్లారిపోతుంది.

ఇప్పుడు ఆ గొడవ కూడా లేకుండా పోయింది. 2025 జూలైలో లీగే ఆగింది. ఫుట్‌బాల్ సమాఖ్యకూ, లీగు నడిపే కంపెనీకీ మధ్య ఒప్పందం డిసెంబరుతో ముగుస్తుంది, అది తేలేదాకా సీజన్ మొదలుపెట్టలేం అన్నారు. అక్టోబరులో మన క్లబ్బు పేరు మార్చుకుని ఢిల్లీకి వెళ్లిపోయింది. స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అట. గచ్చిబౌలిలో గోల్‌పోస్టులున్నాయి, ఆడేందుకు జట్టు లేదు. ఇందులో ఏ సెంటర్ బ్యాకు తప్పు ఉంది? ఏ రెఫరీ విజిల్ వల్ల పోయింది ఇది? ఆ రోజు బస్సులో మేము తయారుచేసిన ముద్దాయిల జాబితాలో ఒక్క పేరు కూడా ఈ కేసుకు సంబంధించింది కాదు.

అందుకే మా గ్రూపులో కొత్త పద్ధతి పెడదామన్నాను. ఇకమీదట ఏ జట్టును పట్టుకున్నా మొదటి మ్యాచ్ చూశాక కాదు, ముందే కూర్చుని మాట్లాడుకుందాం. కోచ్ ఎన్నో ఏడాది నుంచి ఉన్నాడు? డిఫెన్స్‌లో నలుగురిలో ఎంతమంది పోయిన సీజన్ కలిసి ఆడారు? శిబిరం ఎప్పుడు మొదలైంది? జీతాల మాటేమిటి? ఇవి పేపర్లో దొరుకుతాయి, వెతికితే. నలుగురు సరేనన్నారు. పీఈటీ సారు "ఇది ఆట చూడటమా, బ్యాంకు లోను ఇవ్వడమా?" అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. సారు మాటలో తప్పులేదు, లోను ఇచ్చేవాడు కూడా మొహం చూసి ఇవ్వడు, కాగితాలు అడుగుతాడు.

మొన్న గ్రూపులో ఒక పిల్లోడు అడిగాడు: "అన్నా, ఢిల్లీ టీమ్ మొదటి మ్యాచ్ ఓడిపోతే మనం బాధపడల్లా, వద్దా?"

ఎవరికి తోచింది వాళ్లు చెప్పారు. ఆటగాళ్లలో మనం చూసిన పిల్లలుంటే బాధపడాలని ఒకరు. పోయినోళ్లతో మనకేం పని అని ఇంకొకరు. మా బావమరిదిని ఎవరో గ్రూపులో చేర్చారు, ఎవరో తెలియదు, వాడు నీలం గుండె బొమ్మ ఒకటి పెట్టి ఊరుకున్నాడు. నేను మాత్రం బాధపడనని రాశాను. కుర్రాళ్ల మీద నాకు కోపం లేదు, వాళ్లు గెలిస్తే సంతోషమే. కానీ నా బాధ నా ఊరి దగ్గర ఖర్చుపెట్టుకుంటాను. వచ్చే ఆదివారం స్పోర్ట్స్ విలేజ్‌లో ధర్మవరం వైపు పిల్లలతో మ్యాచ్ ఉంది. మావాళ్ల గోలీ కొత్తోడు, డిఫెన్స్‌లో ఇద్దరు పరీక్షల వల్ల పోయిన నెలంతా రాలేదు. ఓడిపోతారని ముందే చెబుతున్నా. పొద్దున ఏడింటికి, రాగలిగినోళ్లు రండి.